మొగలాకు కట్టిన చేప

ఆ చేపను పట్టింది గోంట్రాన్. పడవ అతనిది కాదు, గాలం కూడా పడవతో పాటు వచ్చిందే. కానీ దాన్ని లోతు నీళ్ళలోంచి పైకి లాగినప్పుడు నైలాన్ తాడు కోసిన గీత మాత్రం అతని కుడి అరచేతిలోనే ఉంది. నిండు బుర్జ్వా, మా దీవి చుట్టూ దొరికే చేపల్లో మేలురకం. మోచేతిని దాటిన పొడుగు, దానిమ్మ గింజ రంగు. చుక్కాని పట్టుకున్న ముసలి లెయాన్ దాన్ని చూసి, "మిరెల్ అదృష్టంరా" అన్నాడట. ఆదివారం గోంట్రాన్ కూతురు మిరెల్ చర్చిలో మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకుంటుందని పడవలో ముగ్గురికీ తెలుసు.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. పడవ ఒడ్డుకు రాకముందే ఒక్కో మనిషి తన ఇంటికని ఒక చేప ఎంచుకుని, మొప్పలోంచి నోట్లోకి మొగలాకు పీలిక దూర్చి ముడి వేస్తాడు. ఆకు కట్టిన చేపకు ధర లేదు. దాన్ని తూచరు, బేరం అడగరు. ఆ ముడి విప్పేది కట్టినవాడైనా అయ్యుండాలి, అతని ఇంటి ఆడమనిషైనా అయ్యుండాలి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో మాకు తెలియదు. దీన్ని కాదన్నవాణ్ణి మాత్రం ఆ గురువారం దాకా మేం చూడలేదు.

గురువారం సాయంత్రం పడవ జెట్టీని తాకే వేళకు గోంట్రాన్ భార్య వివెట్ అరిటాకు పరిచిన బేసిన్ చంకన పెట్టుకుని నిలబడి ఉంది. తడి గోనె మీద చేప కనిపించగానే ఆమె మనసులోనే కొలత వేసుకుంది. తోక కాస్త వంచితే ఓవెన్‌లో పడుతుంది. తల మాత్రం చచ్చినా కొయ్యకూడదు. పండగ చేపకు తల ఉండాలి, ఆ తల, బాప్తిస్మం నాడు పిల్లకు పూచీ నిలిచిన జ్ఞానతండ్రి పళ్ళెంలో పడాలి. ఆయన బుగ్గ మాంసం విరిచి మొదటి ముక్క పిల్ల నోట్లో పెట్టేదాకా బల్ల దగ్గర ఎవరూ చెయ్యి కదపకూడదు.

ఆ జ్ఞానతండ్రి ఒనెజిమ్ కూడా జెట్టీ మీదే ఉన్నాడు. పడవ ఆయనదే. రోడ్డు మీది కొట్టు కూడా ఆయనదే. కొండ అవతలి హోటలు వ్యాను వెనక తలుపులు తెరుచుకుని ఉంటే, పక్కన నిలబడి ఐసు పెట్టెల్లోకి ఏ చేప ఎందులో పడాలో వేలు చూపిస్తున్నాడు. వివెట్‌ను చూడగానే ముఖం విప్పార్చుకున్నాడు.

"గౌను కుట్టడం అయిందా చెల్లెమ్మా? మా ఆవిడ పిల్లకి తెల్ల బూట్లు తెప్పించింది పట్నం నుంచి. సైజు చూడమంది" అన్నాడు.

ఆ మాట అంటూనే వంగి గోనె మీది చేపను ఎత్తాడు. ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుని, మొప్ప దగ్గర ముడి మీద గోరు పెట్టాడు. మొగలాకు తడిసి బిగుసుకుంది. ఓపిగ్గా అటూ ఇటూ లాగి విప్పాడు. పీలికను నీళ్ళలోకి విసిరి, చేపను ఐసు పెట్టెలో పడుకోబెట్టాడు.

"అన్నయ్యగారూ, అది మాది" అంది వివెట్.

"తెలుసు చెల్లెమ్మా. ఈ వారం నుంచి పడవలో పడిందంతా హోటలుకే అని మాటిచ్చాను. అందులోనూ ఇట్లాంటి బుర్జ్వా అంటే వాళ్ళు కళ్ళకద్దుకుంటారు. పండక్కి నేను కోళ్ళు పంపిస్తాగా."

"ఆకు కట్టి ఉంది."

"చూశాను. అందుకే నా చేత్తో విప్పాను. ఆ డ్రైవరు విప్పితే మర్యాదగా ఉండదని."

ఆ మర్యాదకే వివెట్‌కు ఒళ్ళు మండింది. దొంగతనం చేసినవాణ్ణి దొంగా అని తిట్టొచ్చు. ఇట్లా ప్రేమగా, బూట్ల సైజు అడుగుతూ చేతిలోది లాక్కున్నవాణ్ణి ఏమని తిడతాం? ఆమె మొగుడి వంక చూసింది. గోంట్రాన్ తాడు చుట్ట చుడుతున్నాడు. చుట్టిన తాడునే మళ్ళీ విప్పి చుడుతున్నాడు. డెనిస్ అనే మూడోవాడు పడవ అడుగున లేని నీళ్ళను డబ్బాతో తోడుతున్నాడు. ముసలి లెయాన్ సముద్రం వైపు తిరిగి, ఏదో ఓడ వస్తున్నట్టు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. అక్కడ ఓడా లేదు, పడవా లేదు.

వివెట్ ఖాళీ బేసిన్‌తో ఊళ్ళోంచి నడిచి వచ్చింది. దారిలో ఇద్దరు ముగ్గురు బేసిన్ వంక చూసి, ఏమీ అడగకుండా తలలు తిప్పుకున్నారు. అడిగి ఉంటేనే బాగుండేదని ఆమెకు అనిపించింది.

గోంట్రాన్ ఇంటికి వచ్చేసరికి వంటగదిలో ఉల్లిపాయల బుట్ట, తాళ్ళతో కట్టి వేలాడదీసిన, వాసనకి కూరల్లో వేసే తైము కొమ్మలు, ఒక వరుసలో పేర్చిన టమాటాలు అట్లాగే ఉన్నాయి. తన అమ్మ ఇచ్చిన పొడుగాటి అల్యూమినియం ట్రేను వివెట్ బుధవారమే తోమి, ఓవెన్ పైన బోర్లించింది. ఇప్పుడు దాన్ని మళ్ళీ తోముతోంది.

"నోరెక్కడ పెట్టుకున్నావయ్యా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఏమనమంటావు?"

"ఇది నాది అనమంటాను. ఒక్క మాట. దానికి పెద్ద చదువు కావాలా?"

గోంట్రాన్ గడప మీద కూర్చుని గాలాలు సరిచేసుకుంటున్నాడు. ఒక్కో కొక్కేన్ని బొటనవేలి గోరు మీద గీసి చూస్తున్నాడు. పదునుంటే గోరు మీద ఆగుతుంది, లేకపోతే జారిపోతుంది. జారిన వాటిని పక్కన పెట్టి, చిన్న ఆకురాయితో రుద్దుతున్నాడు.

"అంటే పడవలో చోటు పోద్ది. ఆయనకేం, రేపు ఇంకొకడు దొరుకుతాడు. నాకు ఇంకో పడవ దొరకదు" అన్నాడు.

"చోటు, చోటు. ఇవాళ చేప పోయింది. రేపు నీ గొడుగు కూడా హోటలువాళ్ళు అడిగారంటాడు, అదీ ఇచ్చెయ్."

"పిల్ల వింటోంది."

"విననీ. వాళ్ళ నాన్న పట్టిన చేప ఎవరు తింటున్నారో దానికీ తెలియాలిగా."

మిరెల్ మంచం మీద కూర్చుని తెల్ల గౌను కుచ్చిళ్ళకు దారం కొసలు కత్తిరిస్తోంది. నిజంగానే వింటోంది. కానీ తల ఎత్తలేదు.

"ఆదివారం ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు" అంది వివెట్. "ఊళ్ళో నలుగురూ వస్తారు. ఉట్టి ట్రే తెచ్చి ఆయన ముందు పెడతాను చూస్తూ ఉండు."

"అట్లా చెయ్యకు."

"చేస్తే?"

గోంట్రాన్ గాలాల డబ్బా మూత పెట్టి, "చెయ్యకు వివెట్" అని మాత్రం అన్నాడు. ఆ గొంతు విన్నాక ఆమెకు ఇక కోపం కూడా మిగల్లేదు. పోట్లాడేవాడితో పోట్లాడొచ్చు. ఇతనితో ఏం పోట్లాడుతుంది?

శుక్రవారం తెల్లారేసరికి గోంట్రాన్ మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. పొద్దెక్కాక ఒనెజిమ్ స్వయంగా తన ట్రక్కులో కోళ్ళ పెట్టె తెచ్చి వరండాలో దింపాడు. ఐసు గడ్డకట్టిన కోళ్ళు. ఎక్కడో వేల మైళ్ళ అవతల కోసి, ప్లాస్టిక్‌లో చుట్టి, ఓడెక్కించినవి. చుట్టూ సముద్రం పెట్టుకుని కూతురి పండక్కి వివెట్ వాటిని వండాలి.

"చూశావా, మాట తప్పలేదు" అన్నాడు ఆయన నవ్వుతూ. "పిల్లలు కోడంటే ఇష్టపడతారు చెల్లెమ్మా. ముళ్ళు తీసే బాధ కూడా ఉండదు."

"మా పిల్లకి ముళ్ళు తీసుకోడం వచ్చు అన్నయ్యగారూ."

"అదీ నిజమేలే."

ఆయన వరండా అంతా కలియజూశాడు. బల్ల, అప్పు తెచ్చిన కుర్చీలు, మూలన తెల్లగుడ్డ కప్పిన పెద్ద కుర్చీ. అది ఆయన కోసమే. దాన్ని చూసి సంతోషపడ్డాడు. "తల లేకపోయినా నా కుర్చీ ఉంచావు. చాలమ్మా" అన్నాడు. మనిషి నిజంగానే కరిగిపోయాడు, కళ్ళలో తడి కూడా కనిపించింది. అదే వివెట్‌ను కాల్చేసింది. ఆయన వేషం వేస్తుంటే బాగుండేది.

"ఒక్కటడుగుతాను" అంది. "మీరు మా మామగారి పడవలో పని చేసిన రోజుల్లో మీ అమ్మకి ఎప్పుడైనా ఆకు కట్టని చేప తీసుకెళ్ళారా?"

ఒనెజిమ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ రోజులు వేరు చెల్లెమ్మా. అప్పుడు చేప ఎవరిక్కావాలి? ఒడ్డున పడి కుళ్ళేది. ఇప్పుడు దానికి విలువొచ్చింది."

"విలువొచ్చాక మాకు లేకుండా పోయిందన్నమాట."

ఆయన నవ్వాడు. ఆమె సరదాగా అందనుకున్నాడు. ట్రక్కెక్కి, హారన్ కొట్టి మరీ వెళ్ళాడు.

మధ్యాహ్నం దాటాక వివెట్ అక్క పెరీన్ వచ్చింది. కొండ అవతలి హోటలు వంటింట్లో గిన్నెలు కడిగే పని ఆమెది. ఎప్పుడూ గడపలోనే మాట్లాడటం మొదలుపెట్టే మనిషి, ఆ రోజు నేరుగా వంటింట్లోకి వచ్చి, సంచీలోంచి అరిటాకు పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"చూడు" అంది.

వివెట్ విప్పింది. బుర్జ్వా తల. రంగు కొంచెం వెలిసింది కానీ కళ్ళింకా లోపలికి పోలేదు.

"నిన్న రాత్రే కోశారు" అంది పెరీన్. "నడుం మాంసం తీసుకుని, తలా ముల్లూ చెత్త డబ్బాలో వేస్తుంటే పట్టుకున్నాను. అక్కడి కుర్రవంటవాడు నవ్వాడు, పిల్లికా అని. మా చెల్లెలికి అన్నాను. ఇంకా నవ్వాడు."

"ఎట్లా వండారు?"

"ఏం వండారో నాకే తెలీదు. వెన్న, పాలమీగడ, పైన ఒక ఆకు. చేప ఎక్కడుందో వెతుక్కోవాలి. బోర్డు మీద మాత్రం మన దీవి వంటలా క్రియోల్ చేప అని రాశారు. తైము లేదు, టమాటా లేదు, మిరపకాయ లేదు. పేరు మాత్రం మనది." పెరీన్ కుర్చీలో కూలబడింది. "ఒక ఆడమనిషి సగం తిని వదిలేసింది వివెట్. ప్లేటులో నేనే చూశాను."

వివెట్ తలను నీళ్ళలో కడుగుతూ మొప్ప ఎత్తింది. లోపల ఎర్రటి రెక్కల మధ్య సన్నటి ఆకుపచ్చ నార ఒకటి ఇరుక్కుని ఉంది. మొగలాకుది. గోరుతో ముడి విప్పినప్పుడు చీలి లోపల మిగిలిపోయిన ముక్క. ఆమె దాన్ని బయటికి లాగి వేలి మీద పెట్టుకుని చూసింది.

"పులుసు పెట్టుకోండి ఇంట్లోకి" అంది పెరీన్. "మొగుడి పని పోగొట్టుకోకు. ఒనెజిమ్ చెడ్డవాడేం కాదు."

"అదేనక్కా నా బాధ" అంది వివెట్.

ఉప్పు, నిమ్మరసం పట్టించి తలను ఫ్రిజ్‌లో పెట్టింది. రాత్రంతా ఆలోచించింది. పొద్దున్నే లేచి కోళ్ళ పెట్టె విప్పి, ఒక్కోదాన్నీ నీళ్ళలో వేసింది. పెరీన్ చెప్పింది నిజమే. చోటు పోతే మిరెల్ బడి, ఇంటి అద్దె, అన్నీ ఆగిపోతాయి. కోడి వండుతుంది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నవ్వుతుంది. చేప తలను పండగ మర్నాడు ఇంట్లోవాళ్ళే పులుసు పెట్టుకుంటారు. ఇట్లా నిర్ణయించుకుని, మధ్యాహ్నానికి ఐసు కరిగాక కోళ్ళ కాళ్ళు నరకడం మొదలుపెట్టింది. కత్తి చప్పుడు పక్కింటికి వినిపించింది.

శనివారం సాయంత్రం గోంట్రాన్ వచ్చాడు. ఈసారి వివెట్ జెట్టీకి వెళ్ళలేదు. అతను కాళ్ళు కడుక్కుని, వంటింటి గుమ్మంలో నిలబడి, కోడి ముక్కల గిన్నె వంక చూశాడు.

"పడ్డాయా?" అంది ఆమె.

"పడ్డాయి. బాగానే." తడి కాళ్ళు గోనె మీద తుడుచుకుంటూ, "ఎవరూ ఆకు కట్టలేదు" అన్నాడు.

కత్తి ఆగింది. "లెయాన్ కూడానా?"

"లెయాన్ కూడా. చేప చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ కుప్పలో వేసేశాడు. డెనిస్ అటేపే చూళ్ళేదు."

"నువ్వో?"

గోంట్రాన్ చొక్కా జేబులోంచి మొగలాకు పీలిక తీశాడు. ముళ్ళ అంచు చెక్కి, బారుగా చీల్చి, ముడి వేయడానికి వీలుగా మెత్తగా నలిపి పెట్టుకున్నది. వాడలేదు. "నేనూ కట్టలేదు" అన్నాడు. "ఆయన విప్పింది ఒక్కసారే వివెట్. మేం ముగ్గురం మాకు మేమే మానేశాం. ఎవరూ మానమని చెప్పలేదు."

అతను ఇంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో. వివెట్ ఫ్రిజ్ తెరిచి, పొట్లం తీసి అతనికి చూపించింది. తలను చూడగానే గోంట్రాన్ వేలు దాని పై పెదవి మీదికి వెళ్ళింది. గాలం చీల్చిన చోటు అది. అతనికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆదివారం పూజకు వెళ్ళకముందే వంట మొదలవ్వాలి. వివెట్ లేచేసరికి గోంట్రాన్ వంటింట్లో ఉన్నాడు. పొడుగాటి ట్రేను ఓవెన్ మీంచి దింపి బల్ల మీద పెట్టి ఉంచాడు.

"ఇదెందుకు? కోడికి దాకలున్నాయిగా."

"చేపకి" అన్నాడు. "చేప మొత్తానికి ఎంత చేస్తావో అంతా చెయ్యి. తల దాని చోట పెట్టు. మిగతా చోటు అట్లా వదిలెయ్."

వివెట్ అతని ముఖంలోకి చూసింది. "మరి పడవ?"

"తెలుసు."

"గురువారం నేనంటే వద్దన్నావు."

"గురువారం వద్దన్నాను" అని ఒప్పుకున్నాడు.

వివెట్ రోట్లో అల్లం, వెల్లుల్లి, ఎర్ర మిరపకాయలు వేసి దంచింది. ఆ ముద్దను తల మీద, మొప్పల లోపల, నోటి లోపల వేలితో రుద్దింది. నోట్లో తైము కొమ్మ పెట్టింది. మూకుట్లో నూనె కాగాక ఉల్లిపాయ, ఆ వెనకే టమాటా, దాల్చిన ఆకు, మిరియాలు వేసింది. టమాటా నూనె వదిలేదాకా తిప్పుతూనే ఉంది. నలుగురికి సరిపడా కాదు, ఇరవై మందికి సరిపడా. ట్రే అడుగున ఉల్లి చక్రాలు పరిచింది. ఎడం చివర తలను పెట్టింది. తర్వాత ఒక్క క్షణం చెయ్యి గాల్లో ఆగిపోయింది. అక్కడ నడుం ఉండాలి, ఏటవాలుగా మూడు గాట్లు పెట్టి, గాట్లలో మసాలా కూరాలి. అక్కడ తోక వంపు తిరగాలి. ఏమీ లేని ఆ చోటంతా ఆమె టమాటా పులుసు పోసింది, చేప ఎంత వెడల్పు ఉంటుందో అంతే వెడల్పున. పైన అరిటాకు కప్పి ఓవెన్‌లోకి తోసింది. మధ్యలో మూడుసార్లు తీసి, అడుగున ఊరిన రసం గరిటెతో తల మీద పోసింది. లేనిచోట కూడా పోసింది.

పూజలో మిరెల్ తెల్ల బూట్లతో నడిచింది. బూట్లు సరిగ్గా సరిపోయాయి. పక్కనే నిలబడ్డ ఒనెజిమ్ కొవ్వొత్తి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి అందరూ వరండాలో సర్దుకున్నారు. పెద్ద కుర్చీలో ఒనెజిమ్, ఆయనకు కుడిపక్క మిరెల్, బల్లకు అటూ ఇటూ లెయాన్, డెనిస్, వాళ్ళ ఇంటివాళ్ళు, పెరీన్, ఇరుగుపొరుగు. అన్నం, పప్పు, వేయించిన సీమపనస, పచ్చి బొప్పాయి పచ్చడి, కోడి కూర. లోపల ఓవెన్ తెరుచుకోగానే తైము, వెల్లుల్లి వాసన వరండా అంతా వ్యాపించింది.

"చేప కూడానా?" అన్నాడు ఒనెజిమ్ సంబరంగా. "నాకు చెప్పనేలేదే. ఎక్కడ దొరికింది?"

లోపల గోంట్రాన్ జేబులోంచి పీలిక తీసి నీళ్ళలో ముంచాడు. కాలుతున్న మొప్పలోంచి దూర్చి, నోట్లోంచి లాగి, రెండు ముళ్ళు వేశాడు. వేళ్ళు కాలాయి, అయినా ముడి బిగించాకే వదిలాడు. ట్రేను తనే మోసుకొచ్చి జ్ఞానతండ్రి ముందు పెట్టాడు. వివెట్ అరిటాకు ఎత్తింది.

ఆవిరి తేలిపోయాక అందరికీ కనిపించింది. ఎడం చివర తల. మొప్పకు మొగలాకు ముడి. ఆ తర్వాత ట్రే చివరిదాకా ఎర్రటి పులుసు, ఉల్లి చక్రాలు, ఇంకేమీ లేదు.

ఒనెజిమ్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇదేంటి గోంట్రాన్?"

"మిరెల్ చేప, అన్నా. తల మీకు రావాలి కదా."

"మిగతాది?"

"గురువారం రాత్రే అయిపోయింది" అంది పెరీన్. "ప్లేట్లు నేనే కడిగాను. సగం వదిలేశారు."

ఎవరూ కదల్లేదు. కదలడానికి లేదు కూడా. జ్ఞానతండ్రి బుగ్గ విరవాలి, పిల్ల నోట్లో పెట్టాలి, అప్పటిదాకా ఆ బల్ల మీది మెతుకు కూడా ఎవరూ ముట్టరు. బుగ్గ విరవాలంటే ముడి విప్పాలి. ఒనెజిమ్ ఆ సంగతి ఒక్కో మెట్టూ ఎక్కుతున్నట్టు అర్థం చేసుకోవడం ఆయన ముఖంలో కనిపించింది.

"వివెట్, నువ్వు విప్పమ్మా" అన్నాడు మెల్లగా.

"మొన్న జెట్టీ మీద మీరే విప్పారు అన్నయ్యగారూ. నాకంటే మీ వేళ్ళకే అలవాటు."

"పండగపూట ఇది..." అని ఆపి, గోంట్రాన్ వైపు తిరిగాడు. "నన్ను పిలిచి నలుగురిలో ఇట్లా చేస్తావా? నీ కూతురికి నేనేం తక్కువ చేశాను?"

"జెట్టీ మీద కూడా నలుగురూ ఉన్నారన్నా."

"సరే. సోమవారం పడవ వెళ్తుంది. మొదట పడిన చేప మీ ఇంటికే. ఎంత పెద్దదైనా సరే. సరేనా?"

"సోమవారం నా కూతురికి పండగ లేదు" అన్నాడు గోంట్రాన్.

అతను గొంతు పెంచలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అంతే. కాలిన వేళ్ళు చంకలో దాచుకున్నాడు. వివెట్ పక్కనే ఉండి ఆ వేళ్ళనే చూస్తోంది.

అప్పుడు ముసలి లెయాన్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. పండగ కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి వెతికి, ఎండిపోయిన మొగలాకు పీలిక ఒకటి తీసి, ఒనెజిమ్ పళ్ళెం అంచున పెట్టాడు. సముద్రం మీదికి వెళ్ళే ఏ మనిషి జేబులోనైనా అది ఉంటుంది. డెనిస్ తన జేబులన్నీ తడుముకున్నాడు. లేదు. ముఖం ఎర్రబడింది. లేచి మెట్లు దిగి, పెరటి కంచె పక్కన ఉన్న మొగలి పొదలోంచి ఒక ఆకు చీల్చుకొచ్చాడు. ముళ్ళు గీరుకుని చేతి మీద నెత్తుటి చుక్క లేచింది. పచ్చి ఆకును అట్లాగే తెచ్చి లెయాన్ పెట్టినదాని పక్కన పెట్టాడు.

"మీరు కూడానా లెయాన్?" అన్నాడు ఒనెజిమ్.

"గురువారం నేను సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను" అన్నాడు లెయాన్. "చూడాల్సింది అటు కాదు."

ఒనెజిమ్ తన ముందున్న వాటిని చూశాడు. ముగ్గురి ఆకులు. ఆయన పడవకు ఉన్నది ఆ ముగ్గురే. చెయ్యి ముడి దాకా వెళ్ళింది. గోరు దాని మీద ఆనింది కూడా. మిరెల్ ఆ చేతినే చూస్తోంది, రెప్ప వేయకుండా. చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఆయన ట్రేను రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా వివెట్ వైపు జరిపాడు.

"ఇది విప్పే హక్కు నాకు లేదు" అన్నాడు. "పిల్ల ఆకలితో ఉంది. నువ్వే విప్పమ్మా."

వివెట్ ముడి విప్పింది. బుగ్గ విరిచి, ముల్లు చూసి, మొదటి ముక్క తన చేత్తోనే మిరెల్ నోట్లో పెట్టింది. రెండో బుగ్గ లెయాన్‌కు, డెనిస్‌కు సగం సగం. దవడ కింది మెత్తటి ముక్క గోంట్రాన్ పళ్ళెంలో వేసింది. పులుసు అందరి అన్నాల మీదా పోసింది. చేప లేని పులుసుకు చేప రుచి నిండుగా ఉంది. అందరూ ఆ రుచే తిన్నారు, తలలు ఎత్తకుండా.

చివర్న ఆమె కోడి కూర గిన్నె తెచ్చి ఒనెజిమ్ పళ్ళెంలో పెద్ద కాలు ఒకటి వేసింది.

"మీరు పంపినదే అన్నయ్యగారూ. ముళ్ళు తీసే బాధ ఉండదు" అంది.

ఆయన తిన్నాడు. ఎముక దాకా తిన్నాడు.

సాయంత్రం మిగతా అందరూ వెళ్ళిపోయాక గోంట్రాన్ మెట్ల మీద కూర్చుని, డెనిస్ తెచ్చిన పచ్చి ఆకును పీలికలుగా చీలుస్తున్నాడు. అంచు ముళ్ళు కత్తితో చెక్కి, ఒక్కో పీలికనూ అరచేతిలో నలిపి పక్కన పెడుతున్నాడు. మర్నాడు తనను పడవ ఎక్కనిస్తారో లేదో అతనికి ఇంకా తెలియదు. ఒనెజిమ్ అందరికంటే చివర లేచాడు. టోపీ చేత్తో పట్టుకుని మెట్లు దిగుతూ అతని పక్కన ఆగాడు. ఆ పీలికల వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

"రేపు తెల్లారగట్ల మామూలుగానే వచ్చెయ్" అన్నాడు. "హోటలు వ్యాను కాస్త ఆలస్యంగా రమ్మంటాను. మీ ఇళ్ళవి మీరు తీసుకున్నాకే పెట్టెలు దింపుతారు."

గోంట్రాన్ తల ఊపాడు. వంటింటి కిటికీ దగ్గర వివెట్ ట్రే అంచున మాడిన ఉల్లిపాయలు గీకుతోంది. ఆయన మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది.

"ఆ మాట గురువారం అని ఉంటే మా పిల్ల చేప తినేది" అంది, తల ఎత్తకుండా. తర్వాత నీళ్ళు పోసి మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.